పడుగుల దొడ్డిలో ప్రజాభిప్రాయ సేకరణ

ఆ రోజు చౌడయ్య అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. తెల్లవారుజామున అయిదింటికి దొడ్డిలో, మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు చాపి, దారాలకు గంజి పట్టించాలి. ఎనిమిదింటికల్లా ఎండకు ఆరిపోతుంది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటికి హైస్కూల్లో జరిగే సభకు వెళ్ళాలి. డిగ్రీ చదివిన కూతురు నాగదుర్గ రాసిచ్చిన కాగితం మూడు నిమిషాల్లో చదివేయాలి.

సభ పెద్ద కరెంటు లైను గురించి. దానివల్ల ఊరికి ఏం నష్టమో జనాన్నే అడిగి రాసుకోవడానికి విజయవాడ నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. కంపెనీ నివేదికలో ఇరవై ఏడో టవరు లేచే చోటు గురించి "ఖాళీ స్థలం, ఎవరి వాడుకలోనూ లేదు" అని ఉంది. ఆ ఖాళీ స్థలమే పడుగుల దొడ్డి. ఊళ్ళో పడుగు చాపడానికి మిగిలిన చోటు అదొక్కటే. అక్కడ టవరు లేస్తే చౌడయ్య మగ్గం అటకెక్కినట్టే.

అన్నీ అనుకున్నాడు గాని, మబ్బు పడుతుందని అనుకోలేదు. తొమ్మిదిన్నరైనా పడుగు పచ్చిగానే ఉంది. ఆరేదాకా కుంచెతో దువ్వుతూ ఉండకపోతే పోగులన్నీ అతుక్కుని అట్టకడతాయి. పైగా చుట్టూ ఇళ్ళు లేచి దొడ్డి చిన్నదైపోయాక, పడుగు కొస రోడ్డు దాటి అవతల గుంజకు చేరుతోంది.

"మీరెళ్ళి రండి, నేను దువ్వుతాగా," అంది భార్య సుబ్బరత్నం.

"అటు కొసా ఇటు కొసా నువ్వొక్కదానివే ఉంటావా?"

అప్పుడే విజయవాడ ఆఫీసర్ల జీపు వచ్చి పడుగు ముందు ఆగింది. గుమాస్తా సంజీవరావు దిగాడు.

"ఏంటండీ ఇది? దారి తియ్యండి. మేడంగారు సభకెళ్ళాలి."

"నేనూ అక్కడికేనండీ. ఆరగానే కలిసే వెళ్దాం."

"ఎత్తి పట్టుకోండి, కిందనుంచి పోతాం."

"జీపు దూరేంత ఎత్తితే తెగుద్దండీ."

సంజీవరావు విసుక్కుని, కనీసం తనైనా అటు వెళదామని కాలెత్తాడు.

"కాలు దించండి బాబూ!" అని సుబ్బరత్నం కేకేసింది. "పడుగు దాటాడని మా మామగారు సొంత అల్లుణ్ణి ఏడాదిపాటు గడప తొక్కనివ్వలేదు. మీరెంత?"

సంజీవరావు కాలు దించి ఫోనెత్తాడు. "రోడ్డు మూసేశారండీ. ఆఁ, జనం ఉన్నారు." ఉన్నది మొగుడూ పెళ్ళామే. ఆ మాట తాసీల్దారాఫీసు దాటేసరికి యాభై మంది, పోలీసుస్టేషను చేరేసరికి రెండొందల మంది అయ్యారు. ఎస్సైగారు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి, రెండొందల మంది కోసం చుట్టూ వెతుక్కున్నారు.

ఆ లోపల జీపు వెనక మైకుల ఆటో ఆగింది. దాని వెనక కుర్చీల వ్యాను, దాని వెనక ఉప్మా గిన్నెలు. స్కూలు దగ్గర కాసుక్కూర్చున్న జనానికి రాస్తారోకో అని తెలిసి, అందరూ చూడ్డానికి ఇక్కడికే వచ్చారు. దాంతో రెండొందల మంది నిజంగానే అయ్యారు.

"సభ ఇక్కడే పెట్టేద్దాం," అంది జీపు దిగిన ఆఫీసరు మనోజ్ఞ. మైకూ ఉప్మా ఇటే ఉన్నాక ఎవరూ కాదనలేదు. మైకు చౌడయ్య దగ్గరికి తెచ్చారు. "చెప్పండి, మీ అభ్యంతరం ఏంటి?"

కాగితం ఇంట్లో చొక్కా జేబులో ఉంది. ఏం చెప్పాలా అని చూస్తుంటే గాలి లేచి పడుగు ఊగింది. గుంజ కదిలింది.

"పట్టుకోండి, పట్టుకోండి!"

మనోజ్ఞ ఒక కొస పట్టుకుంది. ఎస్సైగారు టోపీ తీసి ఇంకో కొస పట్టుకున్నారు. సంజీవరావు చేతిలో సుబ్బరత్నం కుంచె పెట్టింది. చూడ్డానికొచ్చిన వాళ్ళూ తలో చోటా పట్టుకున్నారు. అటూ ఇటూ అన్ని చేతులు చూసేసరికి చౌడయ్య కాగితం సంగతే మరిచిపోయాడు.

"మా నాన్న హయాంలో తెల్లారేసరికి ఇక్కడ ముప్ఫై పడుగులు నిలిచేవండీ," అన్నాడు మైకులో. "ఎవరిది ముందు ఆరితే వాళ్ళు పక్కవాళ్ళ కుంచె అందుకునేవాళ్ళు. గంజి వాసనకే మాకు తెలివొచ్చేది. సుబ్బరత్నాన్ని నేను మొదట చూసింది కూడా ఈ పోగుల సందులోంచే."

"అవన్నీ ఇప్పుడెందుకండీ," అంది సుబ్బరత్నం. అదీ మైకులో వినపడింది.

"ఇప్పుడు ఒకటే పడుగు. ఒకటే అయినా, ఉన్న చోటుని ఖాళీ అంటే ఎలాగండీ?"

మబ్బు విడి ఎండ వచ్చింది. పడుగు ఆరింది. ఉప్మా తిన్నారు. రిజిస్టరులో అందరూ సంతకాలు చేశారు.

చేతులకు గంజి ఉందని ఎవరికీ తోచలేదు. విజయవాడలో తెరవబోతే రిజిస్టరు పుస్తకంలా కాక పలకలా ఉందట. సంతకాలు కనపడక సభ చెల్లదన్నారు. సంగతి విని చౌడయ్య రెండు రోజులు మగ్గం ఎక్కలేదు. "పడుగు వదిలేసి స్కూలుకెళ్ళి కాగితం చదివుంటే పోయేది. నా సోదంతా ఎవరు చెప్పమన్నారు?" అని కూతురి ముఖం చూడలేకపోయాడు.

మూడోనాడు నాగదుర్గే నోటీసు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, మళ్ళీ సభ పెడుతున్నారు. ఎక్కడో చూడు!"

చౌడయ్య కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "స్థలం: పడుగుల దొడ్డి. చేనేత కార్మికుల వాడుకలో ఉన్నది. ఇరవై ఏడో టవరుకు వేరే చోటు పరిశీలనలో ఉన్నది." దొడ్డి పేరు సర్కారు కాగితం మీద చూడటం అతనికి అదే మొదటిసారి. రెండోసారి చదివాడు. మూడోసారి సుబ్బరత్నానికి వినిపించాడు.

నోటీసు అడుగున, మనోజ్ఞ సంతకానికి పైన, ఇంకో వాక్యం ఉంది: "హాజరగువారు చేతులు కడుగుకొని రావలెను."