కోడి నెత్తిన కిరీటం

ఆ శుక్రవారం పొద్దున హోల్గర్ క్రాబె అనుకున్న పని చాలా చిన్నది: పై వారం ఆదివారం వచ్చే ఫాస్టెలావ్న్ పండగ లోపల తన బేకరీ సంచుల మీద ఏదో ఒక బొమ్మ వేయించాలి. చౌరస్తా అవతల ఫ్లెమింగ్ కొత్త బేకరీ తెరిచాక, తాతల నాటి ఈ కొట్టు ముందు కొనేవాళ్ళ వరుస పలచబడిపోయింది. ఈ పండగ క్రీము బన్నులు కూడా మిగిలిపోతే కొట్టు మూసెయ్యడమేనని భార్య ఇంగెలీస తేల్చి చెప్పేసింది.

బొమ్మకేం కరువు? చిన్నప్పుడు అతని చెవి మెలిపెట్టిన బోడిల్ టీచరు రిటైరయ్యాక కోళ్ళ బొమ్మలు గీసి ఇంటర్నెట్లో పెడుతోంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, షరతులు మాత్రం మూడు. హోల్గర్ "ఉచితం" అన్న మాట దాకా చదివి ఆపేశాడు. డెన్మార్కులో బేకరీ గుర్తుకి కిరీటం లేకపోతే బోసిగా ఉంటుంది కదా, వంటింటి బల్ల మీద కూర్చుని కోడికో కిరీటం తగిలించాడు. షరతులన్నీ చదివిన అచ్చాఫీసాయన అడుగున "కోడి: బోడిల్. కిరీటం: హోల్గర్ క్రాబె బేకరీ. ఎవరైనా వాడుకోవచ్చు" అని వేస్తానన్నాడు. తన పేరు తాను చాటుకోవడం ఆ ఊళ్ళో దొంగతనం కన్నా సిగ్గుచేటు. చీమకాళ్ళంత అక్షరాల్లో వెయ్యమని హోల్గర్ బతిమాలుకున్నాడు.

సోమవారం కోడి సంచులొచ్చాయి, వరుస వీధి మలుపు దాకా పాకింది. మంగళవారం అదే కోడి, అదే కిరీటంతో ఫ్లెమింగ్ కొట్టు అద్దాల మీద ప్రత్యక్షమైంది. హోల్గర్ పిండి చేతులతోనే టీచరింటికి పరుగెత్తాడు.

"టీచర్‌గారూ, వాడు నా కోడిని ఎత్తుకుపోయాడండీ."

"నీ కోడేంట్రా? అది నాది."

"కిరీటం నాదే కదండీ."

"నా బొమ్మకి ఏం తగిలించినా అదీ అందరిదేనని రాశానుగా, రెండో షరతు. మొదటిది, చేసినవాళ్ళ పేర్లు వెయ్యాలని. ప్రశ్న సగం చదివి జవాబు రాసే అలవాటు నీకింకా పోలేదా?"

ఒళ్ళు మండి హోల్గర్ "అసలు కిరీటం కోడి ఇక్కడే" అని కొట్టుకి పెద్ద బోర్డు పెట్టాడు. అంతే, కోడి సంగతేమిటని ఊరంతా ఆరా తీసింది. ఉచితమని తెలిశాక ఆగుతారా? బుధవారం మంగలి కోడి రెక్కలో దువ్వెన పెట్టాడు. గురువారం దంత వైద్యురాలు దానికి పళ్ళు మొలిపించింది. శుక్రవారానికి శవపేటికలు అమ్మే ఆయన దాని మెడలో నల్ల రిబ్బను కట్టాడు. కిరీటాన్ని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. మన బతుకు అయిపోయిందని హోల్గర్ భార్య దగ్గర గొల్లుమన్నాడు.

బోడిల్ టీచరు మాత్రం ఎర్ర పెన్సిలు పుచ్చుకుని కొట్టుకొట్టూ తనిఖీకి బయల్దేరింది. పేర్లు కనిపించడం లేదని అందరి చేతా తిరగరాయించింది. ఫ్లెమింగ్ చేత రెండుసార్లు. శనివారానికి అతని అద్దాల మీద "కిరీటం: హోల్గర్ క్రాబె బేకరీ" అన్న అక్షరాలు బొటనవేలంత లావున మెరిశాయి.

పండగ ఆదివారం పొద్దున జనం చదివారు, ఆలోచించారు. కిరీటమే అరువు తెచ్చుకున్నవాడు బన్నులెక్కడ నేర్చుకుని ఉంటాడని చౌరస్తా దాటి హోల్గర్ కొట్టుకి వచ్చేశారు. పదయ్యేసరికి హోల్గర్ పళ్ళేలన్నీ ఖాళీ. ఇంగెలీస కళ్ళు తుడుచుకుంది. కొట్టు నిలబడింది.

మధ్యాహ్నం ఫ్లెమింగ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "హోల్గర్, నీ పేరు తీసెయ్యమని ఒక్క మాట చెప్పవయ్యా. నా సంచులన్నిటి మీదా నువ్వే."

"నాకూ సిగ్గుగానే ఉందయ్యా. షరతు కదా, ఏం చేస్తాం?"

పేరు గలవాడు కోరితే పేరు తీసెయ్యాలన్నది మూడో షరతు. ఈసారి హోల్గర్ చివరిదాకా చదివాడు, ఎవరికీ చెప్పలేదు.