రెండుసార్లు అడిగింది

ఆ ఉదయం షాపుకి ఎవరూ రాకముందే కంప్యూటర్‌లో విండోస్ పక్కనే లినక్స్ అనే కొత్త సిస్టమ్ కూడా ఎక్కించేద్దామనుకున్నాడు వీరబ్రహ్మం. జంగారెడ్డిగూడెంలో అతనిది డీటీపీ సెంటర్. నెలకోసారి వైరస్ తగిలి సిస్టమ్ పడకేస్తోంది. లినక్స్ నేర్చుకుంటే ఆ బాధ తీరుతుందని రాజమండ్రి స్నేహితుడొకడు మూడు సీడీలిచ్చాడు.

"డిస్కు మొత్తం వాడుకోనా?" అని ఇంగ్లీషులో అడిగింది తెర. మొత్తం అంటే మిగిలిన ఖాళీ అనుకుని సరేనన్నాడు. "నిజంగానేనా?" అని మళ్లీ అడిగింది. మళ్లీ సరేనన్నాడు.

గంట తర్వాత నల్లటి తెర మీద తెల్లగీత ఒకటి ఆరుతూ వెలుగుతూ కనిపించింది. ఏ మాట కొట్టినా అలాంటిదేదీ లేదంటోంది. ఆరేళ్ల పని తుడిచిపెట్టుకుపోయింది. అందులో పల్లంరాజుగారి నాన్న పెద్దకార్యం కార్డు కూడా ఉంది. వీరబ్రహ్మానికి కళ్లు నిండాయి.

అప్పుడే ఆ కార్డుల కోసం పల్లంరాజు వచ్చాడు.

"ఏమైంది బ్రహ్మంగారూ?"

"పోయిందండి. అంతా అయిపోయింది."

వీరబ్రహ్మం తల్లి అచ్చాయమ్మ ముందురోజే అన్నవరం వెళ్లిందని పల్లంరాజుకి తెలుసు. ఆవిడే పోయిందనుకున్నాడు.

"అయ్యో! ఎప్పుడండి?"

"ఇందాకే. రెండుసార్లు అడిగిందండి. నేనే సరేనన్నాను."

"మీరు మాత్రం ఏం చేస్తారు? అడిగితే కాదనలేం కదండి," అంటూ పల్లంరాజు కళ్లు తుడుచుకున్నాడు. తన బాధ అర్థమైన మనిషి దొరికాడని వీరబ్రహ్మం బావురుమన్నాడు.

పల్లంరాజు కార్డుల ఊసెత్తకుండా వెళ్లి బజారంతా చెప్పాడు. పదింటికల్లా షాపు ముందు జనం. ఎవరో షట్టర్ సగం దించారు. ఇంకెవరో బంతిపూల దండ తెచ్చారు.

"రాజమండ్రి తీసుకెళ్తే ఏమైనా లాభముంటుందంటారా?" అన్నాడు వీరబ్రహ్మం.

"ఇంకెక్కడి రాజమండ్రండి!" అన్నారు అందరూ.

పన్నెండింటికి అచ్చాయమ్మ సంచితో ఆటో దిగింది. జనాన్ని చూసి గబగబా ముందుకొచ్చింది.

"ఎవరు పోయారు నాయనా?"

దండ తెచ్చినాయన దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

సంగతి తేలాక అందరూ తిట్టుకుంటూ వెళ్లిపోయారు. పల్లంరాజు మాత్రం మిగిలాడు. "మా నాన్నకి కూడా ఇంత ఏడవలేదండి," అన్నాడు నెమ్మదిగా. వీరబ్రహ్మం తలెత్తలేక, సాయంత్రానికి కార్డు చేత్తో రాసి జిరాక్స్ తీయించి ఇస్తానని ఒప్పుకున్నాడు.

ఆయన వెళ్లాక అచ్చాయమ్మ కొడుకు పక్కన కూలబడింది. కోప్పడలేదు.

"ఎంతమంది వచ్చార్రా?"

"నలభై మంది ఉంటారమ్మా."

"పక్కింటి దీనమ్మ?"

"వచ్చింది. ఏడ్చింది కూడా."

"మీ మావయ్య?"

వీరబ్రహ్మం రాస్తున్న కార్డులోంచి తలెత్తలేదు.

"కబురు పదింటికే అందిందమ్మా."

అచ్చాయమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. తమ్ముడితో మాత్రం మాట్లాడలేదు.