తాతగారి తద్దినం, రష్యన్ నాట్యం

ఓడ ఎక్కిన మూడో రోజు పొద్దున్న క్యాబిన్ తలుపు కిందనుంచి ఆనాటి కార్యక్రమాల కాగితం లోపలికి వచ్చింది. శేషుకుమారి మంచం మీదే కూర్చుని దాన్ని శ్రద్ధగా చదివింది. సాయంత్రం కింది అంతస్తులో బింగో ఆట, పై అంతస్తులో రష్యన్ నాట్యం. ఓడ సిబ్బందిలో సగం మంది రష్యన్లు. పగలు వడ్డించేవాళ్ళే సాయంత్రం నాట్యం చేస్తారట. ఆమె మనసు బింగో మీదికి పోయింది. సరేనన్నాడు భర్త ద్వారకానాథ్. ఇద్దరూ ఫలహారానికి బయల్దేరారు.

ఆమ్లెట్ల దగ్గర వరసలో ఓ ఎర్రటి మెడ కనబడగానే ద్వారకానాథ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ మెడ నెవిల్‌ది. నెవిల్ సిడ్నీ ఆఫీసులో అతని మేనేజరు.

అది 1999 అక్టోబరు. రెండువేల సంవత్సరం పుడితే కంప్యూటర్లు తారీఖులు మరిచిపోతాయని లోకమంతా హడలి చస్తున్న కాలం. పాత ప్రోగ్రాముల్లో తారీఖులు దిద్దేవాళ్ళెవరికీ జనవరి దాకా సెలవుల్లేవని నెవిల్ చాటించాడు. శేషుకుమారి అప్పటికే ఓడ టిక్కెట్లు కొనేసింది. ఏం చేస్తాడు పాపం? కొడుకులు లేని మాతామహుడికి ఏటా తద్దినం పెట్టేది తనే కనక, తాతగారి కర్మ ఉందని చెప్పాడు. తద్దినమంటే నెవిల్‌కేం తెలుసు? ముసలాయన నిన్ననే పోయాడనుకున్నాడు. వారం సెలవిచ్చి, ఆఫీసంతా సంతకాలు చేసిన సంతాపం కార్డు కూడా చేతిలో పెట్టాడు. ద్వారకానాథ్ కాదనలేదు, భార్యకీ చెప్పలేదు. ఇప్పుడు నిజం బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, దాంతోపాటు వీసా. నెల తిరక్కుండా పెండిల్ హిల్‌లో ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కాలి.

పళ్ళెం అక్కడే వదిలేసి, కడుపులో తిప్పుతోందంటూ క్యాబిన్‌కి పరుగెత్తాడు. శేషుకుమారి కంగారుపడి ఓడ నర్సును పిలుచుకొచ్చింది. లేని వాంతులకు ఉన్న ఇంజెక్షను పొడిపించుకుని, దుప్పటి ముసుగేసుకుని, సాయంత్రం దాకా పడుకున్నాడు. శేషుకుమారి బింగోకి లెమ్మని తొందరపెడుతుంటే, నాట్యం చూస్తే తనకు నిద్రొస్తుందని నెవిల్ ఆఫీసు బార్బెక్యూ విందులో అన్న మాట గుర్తొచ్చింది. ముసుగు తీసి లేచాడు.

"బింగో వద్దు. రష్యన్ నాట్యానికి పోదాం."

"పొద్దున్న బింగో అన్నారుగా?"

"కళలంటే ఇష్టం కలిగింది."

"పన్నెండేళ్ళ కాపురంలో లేనిది, ఇంజెక్షన్‌తో వచ్చిందా అండీ?" అంటూనే ఆమె పట్టుచీర తీసింది.

చివరి వరసలో స్తంభం చాటున కూర్చున్నారు. పొద్దున్న ఆమ్లెట్ల దగ్గర వడ్డించిన బుర్రమీసాలాయన ఎర్ర చొక్కాతో నాట్యం చేస్తూ, పళ్ళెం వదిలి పారిపోయిన ప్రయాణికుణ్ణి గుర్తుపట్టాడు. లేచి తిరుగుతున్నాడన్న సంతోషంతో వచ్చి, రెండు చేతులూ పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళాడు. దీపాల వెలుగులో తల ఎక్కడ దాచుకోవాలో తెలియక ద్వారకానాథ్ గొంతుక్కూర్చున్నాడు. వాళ్ళ నాట్యమంతా గొంతుక్కూర్చుని చేసేదే. కాళ్ళు వణికి ముందుకు జారుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పాట ఆగాక తలెత్తితే మొదటి వరసలో నెవిల్. పెళ్ళై పాతికేళ్ళయిందని అతని భార్య ఎప్పుడో టిక్కెట్లు కొని, ఇవాళ బలవంతాన నాట్యానికి ఈడ్చుకొచ్చింది.

నెవిల్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. తాతగారు పోయి ఇంకా వారమైనా కాలేదు కదా అని అడిగాడు. ఈలోగా వచ్చిన శేషుకుమారి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. తాతగారు డెబ్భై ఒకటిలో పోయారనీ, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏటా ఈయనే తద్దినం పెడుతున్నారనీ.

అయిపోయిందనుకున్నాడు ద్వారకానాథ్. కళ్ళముందు విమానం కనబడింది.

"మా నాన్న పోయి రెండేళ్ళు," అన్నాడు నెవిల్. "సమాధి దగ్గరికి ఒక్కసారైనా వెళ్ళలేదు నేను. నువ్వు ఇరవై ఎనిమిదేళ్ళుగా... ఈ నాట్యం కూడా అందులోదేనా?"

ద్వారకానాథ్ తల దానంతటదే ఊగింది. నెవిల్ అతన్ని కౌగిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. శేషుకుమారి మాత్రం మొగుడి వంక అదోలా చూసింది.

ఓడ దిగిన సోమవారం నెవిల్ అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నాడు. ఏటా అక్టోబరులో ఆ వారం తాతగారికేనని సెలవుల ప్రోగ్రాములో శాశ్వతంగా ఎక్కించమన్నాడు. రెండువేలు దాటినా చెక్కుచెదరకుండా ఆ పని ద్వారకానాథ్ చేతే చేయించాడు.

జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. ఫిబ్రవరిలో మాఘమాసం వచ్చి, అసలు తిథికి ద్వారకానాథ్ ఒక్కరోజు సెలవు అడిగితే, తాతగారి తద్దినం అక్టోబరులోనే అయిపోయిందని కంప్యూటరు చెప్పింది.