మూతెడు వోడ్కా

ఆ జూలై ఉదయం వెండెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి తన బారు ముందు, హాల్‌స్టెడ్ వీధి కాలవలో, ఉన్న రష్యన్ వోడ్కా అంతా ఒంపెయ్యాలి. పేపరాయన ఫోటో తీసుకోవాలి. పన్నెండింటికి భోజనం. మగవాళ్ళు మగవాళ్ళనీ, ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ ప్రేమించే తమలాంటి ప్రేమల గురించి పిల్లల చెవిన పడేలా ఒక్క మంచిమాట చెప్పినా నేరమేనని రష్యా చట్టం చేసిందని తెలిసి, షికాగోలో అలాంటివాళ్ళ బార్లన్నీ భగ్గుమన్నాయి.

"డెబ్భై ఏడులో నారింజ రసం మానేశాం, గుర్తుందా లొరెట్టా?" అన్నాడు సీసాలు తీస్తూ.

ముప్పై ఆరేళ్ళుగా అక్కడ గ్లాసులు నింపుతున్న లొరెట్టాకి గుర్తులేకేం? "ఆ నారింజలు పండించే ఫ్లోరిడా వాళ్ళు మన హక్కులు ఊడబెరికారని వోడ్కాలో యాపిల్ రసం కలిపి పోశాం. ఛీ, దగ్గుమందులా ఉండేది."

"ఆర్విల్ మూడు గ్లాసులు తాగి అమృతం అన్నాడు."

"నీ మొహం చూసి అన్నాడులే."

ఇద్దరూ పై అరకేసి చూశారు. అక్కడ ఆర్విల్ వోడ్కా సీసా ఒక్కటే ఉంది. ఓడలో పనిచేసే రోజుల్లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నుంచి తెచ్చి, బారు తెరిచిన రోజున వెండెల్ చేతిలో పెట్టాడు. వెండెల్‌తో ముప్పై ఏళ్ళు కాపురం చేసి, పోయి ఆరేళ్ళయింది. ఏటా వర్ధంతినాడు వెండెల్ అందులోంచి మూతెడు తాగి, "అబ్బ, ఘాటు తగ్గలేదే!" అని దగ్గి, ఓడ పాట ఒకటి పాడి, తూలుకుంటూ మేడెక్కేవాడు. ఆర్విల్‌ది ఇంకేమీ మిగల్లేదని అతని బెంగ.

పదకొండింటికి జనం పోగయ్యారు. ఇరవై నాలుగు సీసాలు కాలవలో కలిశాక, అట్ట పట్టుకుని నినాదాలిస్తూ వచ్చిన రైసా అనే ఆవిడ ఖాళీ సీసా చూసి కెవ్వుమంది.

"ఆగండయ్యా! అది నా సరుకు! ఊరవతల గ్యారేజీలో నేనూ నా పెళ్ళామూ కాస్తున్నది!"

"మరి సీసా మీద రష్యా వాళ్ళ రాతలా ఈ తిరగేసిన అక్షరం?" అన్నాడు వెండెల్.

"అది అందానికి! ఆ ప్రభుత్వం బాధ పడలేక పారిపోయి వచ్చాం. ఇక్కడ మీరు మా కష్టాన్ని కాలవలో పోస్తారా!"

వెండెల్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఇకమీదట బారులో ఆవిడ వోడ్కాయే పోస్తానని ప్రమాణం చేశాడు. ఫోటోగ్రాఫరు మాత్రం గడియారం చూసుకున్నాడు. "ఇంతకీ నిజం రష్యా సరుకేమైనా ఉందా, లేదా?"

జనం తలుపులోంచి పై అరకేసి చూశారు.

వెండెల్ కూడా చూశాడు. కుదరదంటే ఎవరూ బలవంతం చేసేవాళ్ళు కాదు. కానీ ఆర్విల్ ఇలాంటి సరుకుల బహిష్కరణ ఒక్కటి కూడా మానలేదు. స్టూలెక్కి సీసా దించాడు.

"వద్దు వెండెల్! దాన్ని ముట్టుకోకు!" లొరెట్టా అడ్డం పడింది.

"వాడుంటే వాడే ఒంపేవాడు," అంటూ కళ్ళు మూసుకుని కాలిబాట మీద సగం ఒంపేశాడు.

సీసాలోంచి వోడ్కా వాసన రాలేదు. ఎవరిదో కుక్క వచ్చి గటగటా తాగి ఇంకా కావాలన్నట్టు చూసింది. రైసా సీసా మూతి దగ్గర వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది.

"ఇవి నీళ్ళు."

లొరెట్టా తల దించుకుంది. "ఎనభై మూడులోనే ఆర్విల్ పారబోశాడు. అక్కడ మనలాంటి వాళ్ళని జైల్లో వేస్తున్నారని చదివి. నీకు తెలిస్తే ఏడుస్తావని కొళాయి నీళ్ళు పోసి పెట్టాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు."

"మరి నేను తూలానే!"

"బ్రహ్మాండంగా తూలావు."

వెండెల్ కాలిబాట మీదే చతికిలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. తర్వాత కాసేపు నవ్వకుండానే కార్చాడు. మర్నాడు పేపర్లో కుక్క ఫోటో పడింది.

లొరెట్టా సీసాని కొళాయి కింద పెట్టి నిండా నింపి, మళ్ళీ పై అర ఎక్కించింది. ఆ ఏడు వర్ధంతికి వెండెల్ మూతెడు తాగి దగ్గాడు, పాట పాడాడు. మేడమెట్ల దగ్గర ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.