బజ్జీ పొట్లంలో ఒంటె తోక

పిల్లల చేతికి పుస్తకాలు ఇవ్వకండి! ఇచ్చారంటే మీ సంసారం చెడినట్టే. అంతగా ఇవ్వాలనిపిస్తే బజ్జీ పొట్లం ఇవ్వండి. నూనె ఎంత కారితే అంత మంచిది.

నవ్వకండి. ఆదివారం అనుబంధాల్లో పట్నం మేధావులు ఏం రాస్తున్నారు? రోజూ అరగంట పిల్లల పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించాలట. వారానికోసారి అమ్మా నాన్నా కలిసి పిల్లలను బయట తిప్పాలట, పరుగులు పెట్టించాలట. వాళ్ళకేం, పార్కులున్నాయి, జారుడుబల్లలున్నాయి. ఆలూరు అవతల మా ఊళ్ళో ఏముంది? కంపచెట్లు, వాటి కింద మేకలు. అయినా మేం చదువూ తిరుగుడూ రెండూ ఒకే పూటలో సాధించాం. ఎలాగంటారా? అయ్యన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకుని!

మొన్న ఆదివారం పొద్దున ఇంట్లో పొట్లం విప్పాం. మా అమ్మాయి శివజ్యోతిది మూడో తరగతి. బజ్జీ నాకు వదిలేసి కాగితం లాక్కుంది. అది పాత పేపరు కాదు. రంగుల బొమ్మల పుస్తకంలోని ఆకు. తోక పోగొట్టుకున్న ఒంటె ఊరూరా వెతుక్కుంటూ పోయి ఒక ముసలమ్మ తలుపు తట్టింది. "నీ తోక నా దగ్గరే ఉంది," అంది ముసలమ్మ. "కానీ..."

అంతే. పద్నాలుగో పేజీ అయిపోయింది!

ఇదే పుస్తకమైతే ఏమయ్యేది? పిల్ల పేజీ తిప్పేది, కథ తెలిసిపోయేది, ఎవరి పనిలో వాళ్ళం పడేవాళ్ళం. పొట్లం కాబట్టి ఆ "కానీ" వచ్చి మా నట్టింట్లో కూర్చుంది.

"కానీ ఏంది నాయనా?" అంది పిల్ల.

"నాకేం తెలుసే?"

"ముసల్ది దుడ్లు అడిగింటాది," అంది మా ఆవిడ మద్దమ్మ.

"ఒంటె కాడ దుడ్లు యాడుంటాయిమా?" అంటూ పిల్ల ఏడుపు అందుకుంది. ఆ ముసలమ్మ ఏమందో తెలిసేదాకా ముద్ద ముట్టనని భీష్మించుకుంది.

పది నిమిషాల్లో ముగ్గురం వీధిలో ఉన్నాం. ఆ పిల్ల పుట్టాక మేం ముగ్గురం కలిసి బయటికి నడవడం, ఆసుపత్రికి తప్ప, అదే మొదటిసారి. ఇంతకంటే అనుబంధం ఏ మేధావి పెంచగలడు?

అయ్యన్న బాణలి ముందు నుంచి తల కూడా ఎత్తలేదు. "పదైదో పేజీనా? నేనేమన్నా నంబర్లు చూసి పొట్లాలు కడతాండానా అప్పా! ఉప్పు చాలిందా, కారం చాలిందా అని అడుగు, చెప్తా. ఒంటె సంగతి నాకేం ఎరుక?"

"మా తర్వాత ఎవురెవురు కట్టించుకున్యారో చెప్పు."

"బస్సు డ్రైవరు, గొర్రెల బసవన్న, హెడ్మాస్టరు సారు. పోండి, పోండి, ఆవిరి తగులుతాది."

బస్సు అప్పుడే కదులుతోంది. ముగ్గురం వెనకాల పరుగు! డ్రైవరు జాలిపడి ఆపాడు. "ఎక్కండప్పా, జల్దీ!"

"ఎక్కం. బజ్జీ కాగితం ఇయ్యప్పా!"

ఆయన మమ్మల్ని చూసిన చూపు ఇక్కడ రాయను. కాగితం మాత్రం ఇచ్చాడు. తొమ్మిదో పేజీ. ఒంటె మంగలిని తోక సంగతి అడుగుతోంది. మాకు పనికిరాదు. అయినా నడిరోడ్డు మీద నిలబడి ముగ్గురం చదివాం. వెనక ట్రాక్టరువాడు హారను కొట్టీ కొట్టీ చివరికి, "గట్టిగా చదువు పాపా, ఈడికి ఇనపల్యా," అన్నాడు.

బసవన్న కోసం గుట్ట ఎక్కాం. మద్దమ్మకు డాక్టరు నడవమని చెప్పి రెండేళ్ళయింది. వాకిలి దాటని మనిషి గుట్ట ఎక్కింది! ఏ మందు చేస్తుందండీ ఈ పని? తీరా పైకి పోతే బసవన్న పక్కనే నెమరేస్తున్న మేకను చూపించాడు. "కాగితం అది తినేసినాదప్పా." ఆ మేక ముఖం చూస్తే కథ చివరిదాకా తెలిసినట్టే ఉంది. చెప్పదే!

ఇక మిగిలింది హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు గారు. ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కాగితంతోనే చేతులు తుడుచుకోబోతున్నారు. శివజ్యోతి కోడిపిల్ల మీద గద్దలా దూకి లాక్కుంది. పదిహేనో పేజీ!

"కానీ దాన్ని నేను చీపురు చేసుకున్నాను. నా ఇల్లు ఊడ్చి నీ తోక నువ్వు పట్టుకుపో." తర్వాతి బొమ్మలో ఒంటె వెనక్కి తిరిగి తోకతో ఇల్లు ఊడుస్తోంది.

పిల్ల నవ్వింది. అరుగు మీద దొర్లి నవ్వింది. సారు ఉలిక్కిపడ్డారు. అక్షరాలు చదివి పిల్లలు అలా నవ్వడం ఆయన సర్వీసులో విని ఉండరు.

ఆకు తిప్పితే కథ అయిపోయిన చోట గుండ్రంగా నీలం ముద్ర. మా బడి ముద్ర!

"ఇది మన బడి పుస్తకం కదా సార్?"

"అవునప్పా. సర్కారు మూడేండ్ల కింద పంపించినాది. కట్ట కూడా ఇప్పకుండా బీరువాలో పెట్టి తాళం ఏసింటిమి. బీరువాకు వేరే పని పడి, మొన్న అయ్యన్నకు తూకానికి ఇచ్చినాం."

"మూడేండ్లలో ఒక్కసారన్నా పిల్లలకు ఇయ్యలేదా?"

"పిల్లలకా?" సారు నన్ను తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూశారు. "ఇస్తే చింపుతారప్పా!"

ఎంత ముందుచూపు! నేను చేతులెత్తి దండం పెట్టాను.

ఇంటికి వస్తుంటే పిల్ల అంది: "ఆ బీరువా నాకు తెలుసు నాయనా. నేను దినామూ దానికి ఆనుకోనే కూచుంటా. దాంట్లో ఏముండాది సార్ అని ఒకసారి అడిగితి. మీకు పనికొచ్చేది కాదు, కూచో అన్యాడు."

అందుకే సర్కారుకు ఈ అర్జీ. అయ్యా, ఈసారి పిల్లల పుస్తకాలు బడికి పంపొద్దు. దారి ఖర్చు దండగ. నేరుగా అయ్యన్న హోటలుకు పంపండి. మూడేళ్ళలో బడి విప్పని కట్టను ఆయన ఒక్క పొద్దులో విప్పాడు. ఊరంతా పంచాడు, వేడివేడిగా! పైగా చింపుతావా అని ఏ పిల్లనూ అనుమానించలేదు.

తనే చింపి ఇచ్చాడు.