నా రొమ్ము మీద నడిచిన ప్రశాంతత

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమంటే, మా చొక్కాల కంపెనీలో ఆందోళన అనేది పూర్తిగా రద్దయింది.

అంతకుముందు ఉండేది. కాలర్లు కుట్టే మా కోడలికి, సూపర్‌వైజరు వెనక నిలబడితే చాలు, గుండెదడ, చేతుల్లో వణుకు. వారం వారం ఒక డాక్టరమ్మ వచ్చి, గుడ్డల గదిలో కూర్చోబెట్టి, ఆమె చెప్పేది వినేది. మధ్య రోజుల్లో సాయంగా ఉంటుందని ఫోన్లో ఒక యాప్ పెట్టించింది. ఫోన్ రొమ్ము మీద పెట్టుకుంటే, ఊపిరి నెమ్మదిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, ఎగిసిపడితే ఎరుపు. కోడలు తేరుకుంటోంది.

అది యజమానిగారి కంటపడింది. మహానుభావులు, మంచిదేది కనబడినా ఊరికే వదలరు. అందరి ఫోన్లలోనూ అదే పెట్టించి, రంగులన్నీ ఆఫీసు కంప్యూటరులో కనబడేలా చేయించి, భోజనం కాగానే ప్రతి ఒక్కరూ ప్రశాంతంగా ఉండాలని ఉత్తర్వు వేశారు. ఎరుపు వచ్చినవాళ్లు, ప్రశాంతత కలిగేదాకా జీతం లేకుండా ఇంట్లో ఉండవచ్చునని దయతో సెలవిచ్చారు. దాంతో అందరికీ దడ పట్టుకుంది.

నాది ఇస్త్రీ పని. తిన్నాక బల్ల పక్కన నడుం వాల్చి గుర్రు పెడతాను. బొత్తాలావిడ అది చూసింది.

"ఈయన నిద్ర చూడండర్రా! మన ఫోన్లన్నీ ఈయన మీద పెట్టేస్తే సరి!"

"జారిపోవూ అక్కా?"

"ఆ పొట్ట మీద సైకిలైనా నిలబడుద్ది, పెట్టవే!"

మర్నాటి నుంచి కంపెనీ ప్రశాంతత మొత్తం నా రొమ్ము మీదే నడిచింది. అందరికీ ఆకుపచ్చే. సూపర్‌వైజరు కూడా తన ఫోన్ తెచ్చి, కోడలి ఫోన్ పక్కనే మర్యాదగా సర్దేవాడు.

యజమానిగారు సభ పెట్టారు. "మన సంస్థలో ఆందోళన లేదు! ఇది మన క్రమశిక్షణ! లేని జబ్బుకి డాక్టరెందుకు? ఆవిడ ఇక రానక్కర్లేదు!"

చప్పట్లు మోగాయి. కోడలు కొట్టలేదు. నా దగ్గరికొచ్చింది.

"మామయ్యా, ఆవిణ్ణి మాన్పించొద్దని మీరైనా చెప్పండి."

"నీకింకా ఎరుపేనని తెలిస్తే పని పోతుందమ్మా."

"పనుండి ఏం చేసుకోను? సూదిలోకి దారమే ఎక్కట్లేదు."

ఆ మధ్యాహ్నం కళ్లు మూసుకున్నాను గానీ నిద్ర రాలేదు. ఊపిరి ఎగిసిపడింది. ఫోన్లన్నీ ఒక్కసారే ఎర్రబడ్డాయి. ఆఫీసు గదిలో కంప్యూటరు కూడా ఎర్రబడిందట. యజమానిగారు వెంటనే విచారణ జరిపి, తప్పు యాప్‌దేనని తేల్చి, కొత్తది పెట్టించారు. అందులో ఎరుపు రంగే లేదు.

కాలరు వంకరగా ఉందని, మా చొక్కాలు కొన్న మీరు వాటిని తిప్పి పంపుతున్నారు. పంపండి. కుట్టిన చెయ్యి ఎందుకు వణికిందో మాత్రం అడక్కండి. ఇప్పటిదాకా అడగలేదుగా, మీరూ ప్రశాంతంగానే ఉన్నారు.