మా ఆవిడ కత్తి మాయమైన కేసు

"బావా, ఈ ఊళ్లో నేరస్తులు ఎందుకు తగ్గిపోయారో తెలుసా?"

"ఎందుకురా?"

"నేను పెద్దవాణ్ణయ్యాను కాబట్టి."

ఈ మాట అన్నవాడు మా ఆవిడ తమ్ముడు. అనేటప్పుడు వాడు మా వంటగదిలో ఫ్రిజ్‌కి వీపు ఆనించి, కోటు కాలరు పైకెత్తి నిలబడ్డాడు. బయట ఎండ మాడిపోతోంది. లోపల వాడు చెమటతో తడిసిపోతున్నాడు. అయినా కాలరు దించడు. కాలరు దించితే డిటెక్టివ్‌కీ దారినపోయేవాడికీ తేడా ఉండదంటాడు.

వాడికి వాడే పెట్టుకున్న పేరు డేగ. డేగకన్నులోని డేగ అన్నమాట. పగలు కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాడు. వాడి కళ్లజోడు మాత్రం సీసా అడుగంత మందం. అది తీసేస్తే ఎదురుగా ఉన్నది వాళ్లక్కో, బట్టల బీరువాయో చెప్పలేడు. ఇంతవరకూ వాడు ఛేదించిన కేసు ఒక్కటే. పక్కింటావిడ పిల్లి తప్పిపోతే వెతికి తెచ్చాడు. తీరా చూస్తే అది వేరే పిల్లి. మర్నాడు అసలు పిల్లి దానంతటదే వచ్చింది. ఇప్పుడు పక్కింటావిడకి రెండు పిల్లులు, మాకు ఆవిడతో మాటల్లేవు.

"నా బుర్ర ఒక బోను బావా. అందులో నిజం పడిందంటే..."

"ఏవండీ!" గదిలోంచి మా ఆవిడ కేక. "నా కత్తి ఎక్కడా లేదండీ!"

డేగ కళ్లజోడు వెనక కళ్లు పెద్దవయ్యాయి.

మా ఆవిడ బెల్లీ డాన్సర్. ఫంక్షన్ల సీజన్ మొదలైందంటే మా ఇల్లు ఇల్లులా ఉండదు. పొద్దున ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి క్లాసు, సాయంత్రం ఆఫీసులవాళ్లకి క్లాసు, శనివారం రాత్రులు ప్రదర్శనలు. ఖాళీ దొరికిన ఆదివారం తనే ఇంకొకరి దగ్గర నేర్చుకోవడానికి వర్క్‌షాపు. బాల్కనీ తీగ మీద నా చొక్కాల పక్కన నడుంకి కట్టుకునే పూసల పటకాలు వేలాడుతుంటాయి. నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. మొన్నొక ఇంట్లో కంప్రెసర్ విప్పుతుంటే ఆ ఇంటాయన, "మీ చెవి మీద మెరుపులేంటండీ?" అని అడిగాడు. ఏం చెప్పను? మా వాషింగ్ మిషన్లో నా బట్టలూ తన బట్టలూ కలిసి తిరుగుతాయి. మా ఆవిడ ఇంటికొస్తూనే సోఫాలో కూలబడి, ఫ్రీజర్లోని బఠాణీల పొట్లం మోకాలికి కట్టుకుని కూర్చుంటుంది. నిద్రలో కూడా భుజాలు తిప్పుతుంది.

ఇంత కష్టపడినా ఆమె మనసులో ఒక వెలితి ఉండిపోయింది. సీజనంతా విందు భోజనాల్లోనే ఆడింది. "ఎవరూ తలెత్తి చూడరండీ," అంది ఒకసారి కారులో. "నేను ఆడుతున్నానో, ఫ్యానులా తిరుగుతున్నానో కూడా వాళ్లకి తెలీదు." నవ్వుతూనే అంది. కానీ ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఈ ఆదివారం అలా కాదు. ఎక్కడెక్కడో పేరున్న పెద్ద టీచర్ ఒకావిడ వచ్చారు. పొద్దున మా ఆవిడ క్లాసు హాల్లోనే ఆవిడ వర్క్‌షాపు, సాయంత్రం నిజమైన రంగస్థలం మీద ప్రదర్శన. జనం కుర్చీల్లో కూర్చుని స్టేజీ వైపే చూస్తారు. చేతిలో ప్లేట్లు ఉండవు. అందులో మా ఆవిడ ఒక్కతే చేసే నాట్యం ఒకటుంది. తల మీద కత్తి నిలబెట్టుకుని ఆడేది. పెద్ద టీచర్ అందరినీ చూసి, వచ్చే సీజన్లో తనతోపాటు పాఠం చెప్పడానికి ఒకరిని ఎంచుకుంటారట.

ఆ కత్తే కనబడటం లేదు.

"నిన్న సాయంత్రం క్లాసులో ఉంది," అంది మా ఆవిడ. ముఖం వాడిపోయింది. "హాలంతా వెతికా, కారు వెతికా, ఇప్పుడు మంచం కింద కూడా చూశా."

"ఇంకో కత్తి తెచ్చుకుంటే?" అన్నాను.

"ఆ కత్తికీ నా తలకీ కుదరడానికే ఏళ్లు పట్టిందండీ! కొత్తది పెట్టుకుంటే జారి ముక్కు మీద పడుతుంది."

డేగ గొంతు సవరించుకున్నాడు. "అక్కా. కత్తి పోయిందంటే అర్థమేంటి? ఎవరో ఎవర్నో పొడవబోతున్నారు."

"ఒరేయ్, దాంతో వెన్న కూడా కొయ్యలేంరా. పదునే లేదు."

"పదును పెట్టించుకుంటారు. హంతకులకి ఆమాత్రం ఓపిక ఉంటుంది."

"నీ అనుమానాలతో మాకు అవమానం తేకు," అన్నాను. వాడు అప్పటికే కారెక్కి కూర్చున్నాడు.

క్లాసు హాలు మందుల దుకాణం పైన ఉంది. వర్క్‌షాపుకి ఇంకా ఎవరూ రాలేదు. డేగ తన కళ్లజోళ్ల దుకాణం నుంచి తెచ్చుకున్న భూతద్దం తీసి, నేల మీద పాకడం మొదలుపెట్టాడు. అద్దాల గోడ దగ్గరికి వెళ్లి అందులో కనబడ్డ తన బొమ్మనే "ఎవర్నువ్వు?" అని గద్దించి, సర్దుకుని వెనక్కి వచ్చాడు. కాసేపటికి "దొరికింది!" అని అరిచాడు.

"కత్తా?" మా ఆవిడ పరుగెత్తింది.

"కేశం. పొడుగాటి కేశం. ఈ కేసుకి ఈ కేశమే ఆధారం."

"ఒరేయ్, జుట్టు విరబోసుకుని ఆడే హాలురా ఇది! కేశాలు కాక ఇంకేం దొరుకుతాయి?"

ఇంతలో పెద్ద టీచర్, శిష్యురాళ్లు వచ్చేశారు. మగవాళ్లు బయటికి అన్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. డేగ మాత్రం తలుపుకి చెవి అంటించాడు. లోపల డప్పు సంగీతం, దాని మీద పెద్ద టీచర్ గొంతు.

"గుండె ముందుకి తోసెయ్... ఇప్పుడు నడుం విరిచెయ్. మెల్లగా మెలితిప్పు. ఇంకా మెలితిప్పు. ఊపిరి బిగబట్టు!"

డేగ నావైపు చూశాడు. మీసం వణికింది.

"సాయంత్రం కత్తితో చేసేటప్పుడు తొందరపడకు. చివర్లో వెనక్కి పడి ప్రాణం పోయినట్టు ఉండిపోవాలి. ఆ చావు చూసి జనం కుర్చీల్లోంచి లేవాలి!"

"బావా!" డేగ నా చొక్కా పట్టుకున్నాడు. "సాయంత్రం హత్య! జనం మధ్యలో! టిక్కెట్లు పెట్టి మరీ!"

"అది డాన్సురా. చివర్లో వెనక్కి వాలతారు."

"హంతకులు ఎప్పుడూ అలాగే చెప్తారు."

"చెప్తున్నది నేను కదరా!"

"నిన్ను కూడా నమ్మించేశారు, పాపం."

అప్పుడే కింద నుంచి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ముఖం చుట్టూ స్కార్ఫు, కళ్లకి సగం ముఖాన్ని కప్పేసే నల్లద్దాలు, భుజాన పొడుగాటి సంచి. వెనక ఎవరైనా వస్తున్నారా అని చూసుకుంది. తర్వాత మమ్మల్ని చూసి ఠక్కున ఆగిపోయింది. ఒక్క మాటా లేకుండా వెనక్కి తిరిగి, గబగబా దిగి, భవనం వెనకవైపుకి వెళ్లిపోయింది.

"చూశావా?" డేగ గుసగుసలాడాడు. "ముఖం దాచింది. సంచి సరిగ్గా కత్తంత పొడుగుంది. ఆవిడే హంతకి!"

"హంతకురాలు."

"వ్యాకరణం తర్వాత బావా!"

వెనక మెట్లు హాలు పక్కనున్న సామాన్ల గదిలోకి వెళతాయి. బట్టలు మార్చుకునేది కూడా అక్కడే. అడ్డుపడబోయాను కానీ డేగ నాకంటే ముందే వెనక మెట్లెక్కేశాడు. మేం చేరేసరికి గది ఖాళీగా ఉంది. ఆవిడ ఇంకా కిందే, మాకు వీపు తిప్పి నిలబడి, ఫోన్లో ఎవరికో "లైన్లోనే ఉండండి" అని చెబుతోంది. డేగ కొక్కేనికి వేలాడుతున్న పలచటి ఊదారంగు మేలిముసుగు తీసి తలనుంచి కాళ్లదాకా కప్పుకున్నాడు.

"ఇదేంట్రా?"

"మారువేషం."

"మీసం కనబడుతోంది."

"ముసుగులో మీసమూ రహస్యమే. నువ్వు స్పీకరు పెట్టె వెనక దాక్కో."

దాక్కున్నాను. అదే నా ఖర్మ. ఆవిడ లోపలికొచ్చి, తలుపు వేసి, సంచి జిప్పు లాగింది. లోపలినుంచి సన్నగా, పొడుగ్గా, తళతళలాడేదేదో బయటికి రావడం మొదలైంది.

"నీ ఆట కట్టు! చేతులు పైకెత్తు!"

డేగ ఎగిరాడు. ఎగిరినవాడు తన మేలిముసుగు అంచు తనే తొక్కుకున్నాడు. ఆవిడ పక్కనుంచి గాలిలో దూసుకుపోయి, గోడకి చుట్టలు చుట్టి నిలబెట్టిన రబ్బరు చాపల్ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. చాపలన్నీ వాడి మీద కూలాయి. అందులో ఒకటి వాడి వీపు మీదనుంచి దొర్లి, నేల మీద విచ్చుకుంటూ హాలు తలుపుదాకా వెళ్లింది. చివరి చుట్ట విప్పుకోగానే లోపలినుంచి ఖణేల్‌మంటూ కత్తి జారిపడింది.

సంగీతం ఆగింది. హాలు తలుపు తెరుచుకుంది. మా ఆవిడ, పెద్ద టీచర్, వెనక శిష్యురాళ్లందరూ. వాళ్లు చూసిందేమిటంటే, ఊదా ముసుగులో మీసమున్న ఒకడు బోర్లా పడి ఉన్నాడు, వాడి వీపు మీద మోకాలు పెట్టి, చెయ్యి వెనక్కి మెలితిప్పి పట్టుకుని ఒకావిడ కూర్చుంది. పక్కన సగం తీసిన సంచిలో డాన్సులో తిప్పే వెండిరంగు చేతికర్ర.

"కదిలావో, ఎముక నీది, బాధ్యత కూడా నీదే," అంటోందావిడ.

"అయ్యో, ఇన్‌స్పెక్టర్ గారూ! వదిలేయండి, వాడు మా తమ్ముడు!" అనేసింది మా ఆవిడ. అని, వెంటనే నోరు మూసుకుంది.

"ఇన్‌స్పెక్టరా?" అన్నారందరూ ఒకేసారి.

ఆవిడ నిట్టూర్చి నల్లద్దాలు తీసింది. "నడుం నొప్పికి డాక్టరు గారే చేరమన్నారు. తగ్గింది కూడా. కానీ మా స్టేషన్లో తెలిసిందంటే రేపట్నించి నాకు సెల్యూట్ కొట్టేటప్పుడు ఒక్కడైనా నవ్వాపుకోగలడా?"

మా ఆవిడకి అదేమీ వినబడలేదు. నేల మీద మోకరిల్లి, కత్తిని రెండు చేతుల్లోకి తీసుకుని, చున్నీతో తుడిచి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం గుండెకి ఆనించుకుంది. తర్వాత అడిగింది, "నిన్న ఈ చాపలు చుట్టిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించింది. "నేనే చుట్టాను టీచర్. దొంగతనం కేసొచ్చిందని ఫోనొస్తే హడావుడిగా చుట్టేసి పరుగెత్తా. మధ్యలో ఏముందో చూళ్లేదు."

మోకాలి కిందనుంచి డేగ గొంతు వినబడింది. "చూశావా బావా! నేరస్తురాల్ని పట్టేశాను!"

"నువ్వు పట్టలేదురా. ఆవిడే నిన్ను పట్టుకుంది."

ఇన్‌స్పెక్టర్ లేచి దుమ్ము దులుపుకుంది. "నీ మీద కేసు రాయాలంటే నేనిక్కడేం చేస్తున్నానో కూడా రాయాలి. అందుకని బతికిపోయావు. పో."

ఆ పడటంలో డేగ కళ్లజోడు ఒకవైపు పగిలింది, రెండోవైపు ఊడింది. సాయంత్రం నేనే చెయ్యి పట్టుకుని నడిపించి, ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టాను. అంతకుముందు మేకప్ గదిలోకి తొంగిచూస్తే మా ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"చేతులు వణుకుతున్నాయండీ. కత్తి వెతకడం, వర్క్‌షాపు, వీటితోనే పొద్దంతా పోయింది. ఒక్కసారి కూడా సాధన చెయ్యలేదు."

"తల మీద పెట్టుకునేదానికి చేతులు వణికితే ఏం?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా వేలు గట్టిగా పట్టుకుని వదిలేసింది.

దీపాలు ఆరి, ఒక్క దీపం వెలిగింది. మా ఆవిడ తల మీద కత్తితో నడిచొచ్చింది. నడుం కింద అంతా కదులుతోంది. మెడ పైన ఏదీ కదలటంలేదు. విందుల్లో ఎన్నోసార్లు స్పీకరు మోస్తూ చూసిన నాట్యమే. కానీ ఈసారి చుట్టూ చెంచాల చప్పుడు లేదు. జనం నిజంగా చూస్తున్నారు. ఆమె మెల్లగా మోకాళ్ల మీదకి దిగి, కత్తిని కడుపు మీదకి జార్చుకుని, వెనక్కి, ఇంకా వెనక్కి వాలి, నేల మీద నిశ్చలంగా ఉండిపోయింది. సంగీతం ఆగింది. హాల్లో ఊపిరి చప్పుడు లేదు.

కళ్లజోడు లేని డేగకి కనబడిందల్లా ఒకటే. అక్క పడిపోయింది, కడుపులో కత్తి ఉంది.

"అక్కా!" వాడి గావుకేక పైకప్పుకి తగిలింది. "మా అక్కని చంపేశార్రా! ఎవరూ కదలొద్దు! అక్కా, నాకు ఇంకెవరున్నారే!"

నిజంగా ఏడుస్తున్నాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను వాడి నోరు మూయబోయి, తొందరలో అవతలివైపున్న పెద్దాయన నోరు మూశాను.

స్టేజీ మీద మా ఆవిడ పెదాలు బిగించింది. నాకు తెలుసు ఆ పెదాల సంగతి. నవ్వొస్తోంది. నవ్వితే అంతా పోతుంది. లోపలే నొక్కేసింది. నొక్కిన నవ్వు ఎక్కడికి పోతుంది? కడుపులోకి పోయింది. ముందు కడుపు ఒక్కసారి అదిరింది. తర్వాత అలలు అలలుగా వణకడం మొదలైంది. నడుం పటకాలోని బిళ్లలు వానలా గలగలలాడాయి. కడుపు మీది కత్తి వణికి, దాని మీది వెలుగు ముక్కలు ముక్కలుగా గోడలనిండా పరుగెత్తింది. కానీ కత్తి జారలేదు.

ఒక్క క్షణం తర్వాత హాలంతా కుర్చీల్లోంచి లేచింది. చప్పట్లు ఆగవు. కొందరు డేగ వైపు తిరిగి వాడికి కూడా కొట్టారు. వాడిది నటన అనుకున్నారు మరి.

తెర పడ్డాక పెద్ద టీచర్ మా ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇన్నేళ్లుగా నేర్పుతున్నాను తల్లీ. ఆ చివరి వణుకు ఎక్కడా చూళ్లేదు. ప్రాణం పోతూ పోతూ నవ్వినట్టుంది. ఎవరు నేర్పారు నీకు?"

మా ఆవిడ నావైపు చూసింది. తర్వాత, మేకప్ గది తలుపనుకుని అద్దంలోకి దారి వెతుక్కుంటున్న తమ్ముడి వైపు చూసింది.

"మా తమ్ముడండీ."

"వచ్చే సీజన్ నాతో నువ్వు పాఠం చెప్పాలి. ఆ వణుకు అందరికీ నేర్పాలి. అతన్ని కూడా తీసుకురా."

డేగ అద్దం దగ్గర్నించి గిరుక్కున తిరిగి, కాలరు పైకెత్తాడు. "వస్తాను. కానీ నేనేం చెయ్యాలక్కా?"

మా ఆవిడ వాడి చెంప మీది కన్నీళ్లు తుడిచింది. తుడుస్తుంటే మళ్లీ నవ్వొచ్చి కడుపు పట్టుకుంది.

"నువ్వేం చెయ్యక్కర్లేదురా. మామూలుగా ఉండు, చాలు."